తంతికీ పికప్‌కూ మధ్య మూడు మిల్లీమీటర్లు

రెండువేల ఆరో సంవత్సరం, అక్టోబరు మూడో ఆదివారం. ఆ రోజు నా డైరీలో రెండే వాక్యాలున్నాయి. "డిసెంబరు మొదటి శనివారం పంజాగుట్టలో ప్రోగ్రాం. అందులో నేను లేను." మామూలుగా పుట నిండేదాకా రాసే అలవాటు నాది. ఆ రోజు చెయ్యి సాగలేదు.

మా ఆర్కెస్ట్రా రిహార్సల్ గది అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థకు పై అంతస్తులో ఉండేది. మేం ఆరుగురం. ఇద్దరు గాయకులు, డ్రమ్స్ వాయించే అతను, కీబోర్డు వాయించే యువకుడు, బాస్ గిటారుతో నేను. ఆరో మనిషి నిర్వాహకుడు. ప్రోగ్రాములు కుదిర్చేదీ, వేదిక మీద పాటల పేర్లు చెప్పేదీ, వీలు చిక్కినప్పుడల్లా టాంబొరిన్ అనే గిలకల పళ్ళెం తట్టేదీ ఆయనే. ఆ సంవత్సరం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన వార్షికోత్సవానికి మమ్మల్ని పిలిచింది. అప్పటిదాకా పెళ్ళి రిసెప్షన్లు చేసుకునే మాకు అది మొదటి పెద్ద పిలుపు. వీళ్ళను మెప్పిస్తే హైటెక్ సిటీలోని మిగతా కంపెనీలూ పిలుస్తాయని ఆయన ఆశ. ఆశ తప్పు కాదు.

"అక్కా, జర ఇను. కోపం జేసుకోవద్దు" అన్నాడాయన ఆ ఆదివారం. "హోటలోళ్ళు స్టేజీ చిన్నగ ఏస్తున్నరు. ఐదుగురికే జాగ. పాడెటోళ్ళను తియ్యలేను, డ్రమ్స్ తియ్యలేను. కీబోర్డు తమ్ముడు ఎడమ చేత్తోని బాస్ సుత ఒత్తుతడు."

"తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నదేంటండీ మరి?"

"నీ బాస్ కనవడ్తదక్కా. ఇనవడదు."

గదిలో అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, కొంచెం ఆలస్యంగా. కీబోర్డు యువకుడు మాత్రం తల వంచుకుని తన పెట్టె మీద లేని దుమ్మును తుడుస్తూ కూర్చున్నాడు.

ఆ మాట అబద్ధమైతే పోట్లాడి ఉండేదాన్ని. కాని ఆ మధ్య కొన్ని నెలలుగా రికార్డింగు క్యాసెట్లు విన్న ప్రతిసారీ నా స్వరాలు ఎక్కడున్నాయో నేనే వెతుక్కోవలసి వస్తోంది. అందుకే గొడవ పెట్టుకోకుండా గడువు అడిగాను. ప్రోగ్రాంకు ముందు గురువారం సాయంత్రం అదే హాలులో మాకు రిహార్సల్ ఉంది. అప్పుడు ఒకే పాటను ముందు ఎడమ చేతి బాస్‌తో, తర్వాత నాతో వాయించాలి. నిర్వాహకుడు చివరి వరుసలో గోడవైపు తిరిగి కూర్చుని వినాలి. ఏది బాగుంటే అది. ఆయన ఒప్పుకున్నాడు. లెక్కవేశాను. నలభై ఆరు రోజులున్నాయి.

నేను ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ ఇంజినీరింగు కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆ ఉద్యోగానికి ఆడవాళ్ళ పేరు ఇంకా ఎవరూ పెట్టలేదు. గీత అర మిల్లీమీటరు పక్కకు పోతే నాకు అన్నం సహించదు. చిన్నతనంలో ఏలూరులో వీణ నేర్చుకున్నాను. కాలేజీ ఆర్కెస్ట్రాలో బాస్ గిటారు ఎవరూ ముట్టుకోకుండా ఒక మూల పడి ఉంటే, నాలుగు తంతులు, మెట్లు కనబడగానే అది వీణకు వరసకు చెల్లెలిలా అనిపించి చేతిలోకి తీసుకున్నాను. అలా మొదలైంది. ఇప్పుడు నా దగ్గరున్నది తొమ్మిదేళ్ళ కిందట కొన్నది. దాని ఒంట్లో రెండు పికప్‌లుంటాయి. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి పెట్టెలో బిగిస్తే అది పికప్. పైన ఇనుప తంతి కదిలితే ఆ తీగలో కరెంటు పుడుతుంది, అదే స్పీకరులో నాదమవుతుంది. మెడకు దగ్గరగా ఉన్న పికప్ నిండుగా, గుండ్రంగా పలుకుతుంది. తంతుల చివరలను మోసే బ్రిడ్జికి దగ్గరగా ఉన్నది పలుచగా, గరుకుగా పలుకుతుంది. రెండింటికీ వేరువేరు వాల్యూం బిరడాలు. రెండూ పూర్తిగా తెరిచి వాయించడం నా అలవాటు.

మొదట నాకు తోచిన ఉపాయం ఒకటే. వినబడటం లేదు కనుక పికప్‌లను తంతులకు దగ్గరగా లేపాలి. స్క్రూలు తిప్పి తిప్పి, ఆఫీసు స్టీలు స్కేలుతో కొలిచి, రెండింటినీ ఒక్క మిల్లీమీటరు దూరానికి తెచ్చాను. ఆ సాయంత్రం డైరీలో చాలా గర్వంగా "1.0 మి.మీ." అని రాసి కింద గీత గీశాను. శబ్దం పెరిగిన మాట నిజమే. కాని లావు తంతి మీద పై మెట్లలో ఏ స్వరం మీటినా అది నీళ్ళలో నీడలాగా వణికేది. స్వరం నిలవాల్సినంతసేపూ నిలవకుండా అర్ధాంతరంగా చచ్చిపోయేది. ఇక ఇది పికప్ లోపమేనని తీర్మానించుకున్నాను. కోఠీలో వాయిద్యాల దుకాణం వాళ్ళు విదేశీ పికప్ తెప్పిస్తామన్నారు. అది తెప్పించేలోపు మా డ్రమ్స్ అతను ఒక చిరునామా ఇచ్చాడు. కృష్ణానగర్‌లో ఒకాయన, ఒకప్పుడు రికార్డింగు స్టూడియోలో టెక్నీషియన్, ఇప్పుడు ఇంట్లోనే వాయిద్యాలు బాగుచేస్తాడట.

అక్టోబరు అయిదో ఆదివారం, ఉదయం పది గంటలు. సందు మొదట్లో టీ కొట్టు దగ్గర ఇస్త్రీ చొక్కాల్లో ఉన్న జూనియర్ ఆర్టిస్టులు ఏదో కంపెనీ వ్యాను కోసం ఎదురుచూస్తున్నారు. నా భుజం మీది సంచీ చూసి ఒకతను "మేడం, హీరోయిన్ తల్లి వేషమా, గిటారుతోని?" అన్నాడు. "కాదు బాబూ, గిటారు తల్లి వేషం" అని జవాబు చెప్పి మేడ ఎక్కాను.

ఆయన అరవై దాటిన మనిషి. బాస్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకుని చాలాసేపు వాయించలేదు, చూశాడు. తర్వాత గోరుతో బ్రిడ్జి మీద గీకి, ఆ గోరు నాకు చూపించాడు. పసుపు.

"మేడం, గిది వాయించేదా, పూజల వెట్టేదా?"

"రెండూనండి."

దసరా ఆయుధపూజ నాడు మా ఆఫీసులో డ్రాయింగు బల్లలకూ, ఇంట్లో వీణకూ బాస్‌కూ బొట్లు పెట్టడం నాకు మొదటి నుంచీ ఉన్న ఆచారం. పికప్‌లకు రెండు, బ్రిడ్జికి నాలుగు, తల దగ్గర ఒకటి. ఆ పైన కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు వేళ్ళతో చిలకరిస్తాను. తొమ్మిది దసరాలు.

"గందుకే గిట్లైంది" అన్నాడు. "కొబ్బరినీళ్ళు తాగి తాగి బ్రిడ్జి స్క్రూలన్ని బిగుసుకపోయినయ్. వీణది కర్ర, తట్టుకుంటది. గిది ఇనుము."

"సరేనండీ. పికప్ మార్చేయండి. దాని కోసమే వచ్చాను."

"మారుస్త. గని ఇప్పుడు గాదు. కండ్లద్దాలు మసి వడితె కండ్లు మార్చుమంటరా?"

నాకు కొంచెం కోపం వచ్చింది. నలభై మూడేళ్ళ వయసులో, చేతిలో కొలతల పుస్తకంతో వెళ్ళిన మనిషిని నేను. ఆయన అదేమీ పట్టించుకోకుండా బ్రిడ్జి మీదకు వంగాడు. అక్కడ ఒక్కో తంతీ ఒక్కో చిన్న ఇనుప దిమ్మ మీద ఆనుకుని ఉంటుంది. ఆ దిమ్మను స్క్రూతో ముందుకూ వెనక్కూ జరపవచ్చు.

"గీ నాలుగు దిమ్మలు ఒక్క లైన్ల ఎవరు నిలవెట్టిన్రు? కంపెనీల గిట్ల ఇయ్యరే."

"నేనే" అన్నాను. "కొన్న వారంలోనే సరిచేశాను. తంతి పొడవు ఎనిమిది వందల అరవై నాలుగు మిల్లీమీటర్లు. పన్నెండో మెట్టు సరిగ్గా నాలుగు వందల ముప్పై రెండు దగ్గర ఉంది. దిమ్మలు కూడా అంతే దూరంలో ఉండాలి కదండీ. అవి వంకరటింకరగా ఉంటే గీతలో పెట్టాను."

ఆయన నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆయనకు కృతజ్ఞురాలిని.

"లెక్క మంచిదే మేడం. తంతికి లావుంటది గద. ఒత్తితే జర సాగుతది, శ్రుతి మీదికి పోతది. ఎంత లావుంటే అంత ఎనక్కి జరపాలె. లెక్కతోని గాదు, చెవితోని."

ఆ మాట వినగానే నాకు ఏలూరులో మా ఇంటి వరండా కళ్ళకు కట్టింది. వీణ మెట్లను మైనం మీద నిలుపుతారు. ఆ అమరిక, అంటే మేళం, చెదిరినప్పుడు బొబ్బిలి నుంచి ఒక పెద్దాయన వచ్చి మైనాన్ని వేడిచేసి, ఒక్కో మెట్టునూ వేలితో నొక్కి, మీటి, విని, ఇసుక రేణువంత జరిపి, మళ్ళీ మీటి వినేవాడు. రెండు రోజుల పని. ఆయన చేతిలో స్కేలు ఉండేది కాదు. అది పక్కన కూర్చుని చూసిన నేను, వీణకు చెవినీ బాస్‌కు స్కేలునూ ఎందుకు ఇచ్చానో తెలియదు. కరెంటుతో మోగేదానికి లెక్క చాలుననుకున్నానేమో.

స్క్రూలకు ఆయన చుక్కచుక్కగా నూనె వేసి బాస్‌ను వారం రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. నవంబరు మొదటి ఆదివారం వెళ్ళేసరికి దిమ్మలు కదులుతున్నాయి. ఆ పూట జరిగిన పని అంతా నా డైరీలో ఉంది. మెడ లోపల ఉండే ఇనుప కడ్డీని పావు చుట్టు బిగించాడు. మెడ వంపు తగ్గింది. పన్నెండో మెట్టు మీద లావు తంతి ఎత్తు 3.5 నుంచి 2.5 మిల్లీమీటర్లకు దిగింది. లావు తంతి దిమ్మ అన్నిటికన్నా వెనక్కి, సన్నది ముందుకు వచ్చి, నాలుగూ మెట్లమెట్లుగా నిలిచాయి. చివరికి పికప్‌ల వంతు. నేను ఒక్క మిల్లీమీటరుకు లేపిన వాటిని లావు తంతి కింద మూడుకు, సన్న తంతి కింద రెండుకు దించాడు.

"దించితే శబ్దం తగ్గుతుంది కదండీ?"

"అయస్కాంతం తంతిని గుంజుతది మేడం. గుంజితే తంతి తన ఇష్టమున్నట్టు ఊగలేదు, గందుకే వణుకుతది. శబ్దం కావాల్నంటే ఆంప్లిఫైరుంది. జర దూరం ఉండనియ్యి, నిండుగ మాట్లాడ్తది."

మీటాను. కింది తంతి మొదటి మెట్టు నుంచి పన్నెండో మెట్టు దాకా ఒకటొకటిగా ఎక్కాను. ఏ స్వరమూ వణకలేదు. మీటిన స్వరం ఒత్తి పట్టుకున్నంతసేపూ నిలిచింది. తొమ్మిదేళ్ళుగా నా పక్కనే ఉండి ఒక్క మాటా పూర్తిగా చెప్పలేకపోయిన మనిషికి ఆ రోజు నోరు వచ్చినట్టుంది. గది కిటికీ అద్దం సన్నగా అదిరింది. ఆ సంతోషంలో నేను సంచీ జిప్పు వేయకుండానే మెట్లు దిగబోతే ఆయన వెనక్కి పిలిచాడు.

తీరా అమీర్‌పేట రిహార్సల్ గదిలో వాయించాక నిర్వాహకుడు అన్నాడు: "శ్రుతి మంచిగైందక్కా. గని గింత సన్నగ ఉన్నదేంది, చెప్పుకోలేనంత సిగ్గువడుతున్నట్టు?"

అప్పటికి ఇరవై నాలుగు రోజులు మిగిలాయి.

సిగ్గు ఎక్కడిదో నాకు తెలుసు, దాన్ని ఒప్పుకోవడమే మిగిలింది. రెండు పికప్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు వాటి నాదాలు కలిసే చోట నడిమి స్వరస్థాయి కొంత తరిగిపోతుంది. ఒంటరిగా వింటే ఆ నాదం తేనెలా ఉంటుంది. డ్రమ్సూ కీబోర్డూ చేరితే మునిగిపోతుంది. మెడ పికప్ ఒక్కటే తెరిస్తే నడిమి బలమంతా తిరిగి వస్తుంది. అయితే ఒక్కటి తెరవగానే రిహార్సల్ గదిలో తేనెటీగల పట్టు కదిలినట్టు హమ్, ఆగని రొద. ఆ హమ్ భరించలేకే ఏళ్ళ తరబడి రెండూ తెరిచి వాయించడం అలవాటు చేసుకున్నాను. రెండు పికప్‌ల చుట్లూ ఒకదాని హమ్‌ను ఒకటి చంపుకుంటాయి. నేను నిశ్శబ్దాన్ని ఎంచుకుని, దానికి బదులుగా నాదాన్ని వదులుకున్నాను.

ఆ హమ్ ఎక్కడి నుంచి వస్తోందో ఒక ఆదివారం ఆ గదిలోనే కూర్చుని వేళలు రాశాను. 10.05, ఉంది. 11.00, ఉంది. 11.32, లేదు. 11.50, మళ్ళీ ఉంది. 11.30కి కింది అంతస్తులో ఒక బ్యాచి ముగుస్తుంది, 11.45కి ఇంకొకటి మొదలవుతుంది. ఇరవై అయిదు పెద్ద డబ్బా మానిటర్లు సరిగ్గా నా కుర్చీ కింద వరుసగా వెలుగుతాయి. జావా నేర్చుకుని అమెరికా వీసాల గురించి మెట్ల మీద మాట్లాడుకునే పిల్లలందరూ, తమకు తెలియకుండానే, తొమ్మిదేళ్ళు నా బాస్ నాదాన్ని నిర్ణయించారు.

నవంబరు మూడో ఆదివారం వేళల కాగితంతో కృష్ణానగర్ వెళ్ళాను. ఆయన చదివి, మొదటిసారి నవ్వాడు.

"గిప్పుడు మార్చుదాం మేడం, పికప్."

మెడ విరిగి మూలపడ్డ ఒక స్టూడియో బాస్ నుంచి తీసి దాచిన పికప్ ఒకటి ఆయన దగ్గర ఉంది. పెట్టె సైజు నాదానికి సరిపోయింది. లోపల మాత్రం చుట్టు ఒకటి కాదు, రెండు. రెండు తంతుల కింద ఒకటి, మిగతా రెండు తంతుల కింద ఒకటి, ఎదురెదురు దిక్కుల్లో చుట్టినవి. బయటి హమ్ రెండింటిలోనూ ఎదురెదురుగా పుట్టి చస్తుంది. తంతి నాదం మాత్రం బతుకుతుంది. అంటే ఇక ఒక్క మెడ పికప్ మీదే నిశ్శబ్దంగా వాయించవచ్చు. ఆయన నాలుగు టంకాలు వేశాడు. దూరం మళ్ళీ మూడు మిల్లీమీటర్లకు పెట్టి, స్కేలు నా చేతికే ఇచ్చి సరిచూసుకోమన్నాడు.

"కోఠీల విదేశీది తెప్పిస్తమన్నరని చెప్పినవు గద, ఆర్డర్ ఇచ్చినవా?"

"లేదండి."

"మంచిగైంది. మొదటి రోజే అది తెచ్చి పెడితే, కొత్త పికప్ సుత వణికేది. నువ్వు దాన్ని తిట్టేదానివి."

ఆ తర్వాత పది రోజులూ ఆఫీసు నుంచి రాగానే గంటన్నర సాధన. ఎక్కడ మీటితే ఎలా పలుకుతుందో రాసుకున్నాను. బ్రిడ్జి వైపు మీటితే మాట కరుకు, మెడ వైపు మీటితే మెత్తన. పికప్ మీద ఆనించిన బొటనవేలు కదలకపోతే ప్రతి దెబ్బా ఒకే బరువు. వీణ మీద మీటులో బరువు చూపుడువేలిదే. ఇక్కడా అంతే అని తేలింది.

గురువారం సాయంత్రం అయిదు గంటలకు పంజాగుట్ట హోటలు హాలుకు చేరాం. చౌరస్తాలో ఫ్లైఓవరు పనుల దుమ్ముకు అందరి జుట్టూ తెల్లబడి ఉంది. హాలు నిండా రంగు దీపాలు, మసకగా చేసే స్విచ్చులు. అలాంటి స్విచ్చులు పాత పికప్‌ను హమ్‌తో ఏడిపించి ఉండేవి. నిర్వాహకుడు మాట తప్పలేదు. చివరి వరుసకు వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ముందు ఎడమ చేతి బాస్. గట్టిగానే వినబడింది. కాని పాట పల్లవి దాటి, కుడి చేతికి పని పెరిగేసరికి ఎడమ చెయ్యి రెండు స్వరాలకు దిగింది. చరణంలో ఒక్క స్వరానికి. డ్రమ్స్ అతను తన కాలి దెబ్బకు తోడు వెతుక్కుంటూ ఒంటరిగా నడిచాడు.

తర్వాత నేను. మెడ పికప్ మాత్రం తెరిచాను. ఆంప్లిఫైరు ముందు ఒక్క క్షణం చెవిపెట్టి విన్నాను. ఏ చప్పుడూ లేదు. డ్రమ్స్ కాలి దెబ్బ పడింది, నా మొదటి స్వరం దాని మీదే పడింది. పల్లవి రెండో వరసకు గాయని వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్ళీ మైకు వైపు తిరిగి, ముందు కన్నా తెగించి పాడింది. చరణంలో కీబోర్డు స్వరాలు ఎంత గుమిగూడినా కింద నా స్వరాలు ఒక్కొక్కటిగా, నేల మీద అడుగులలాగా, లెక్కపెట్టుకోవడానికి వీలుగా వినబడ్డాయి. పాట ముగిసింది.

"ఇంకోసారి కొట్టుర్రి" అన్నాడు నిర్వాహకుడు, గోడవైపే ఉండి.

మళ్ళీ వాయించాం. ఈసారి సగం పాటకే లేచి, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే కీబోర్డు యువకుడు అన్నాడు: "అన్నగారూ, నావల్ల కాదండీ ఇంక. ఆవిడ వాయిస్తుంటే నా కుడి చేతికి కూడా బుద్ధి వచ్చినట్టుంది. ఎడమ చెయ్యి పెడితే పాట పాడైపోద్ది."

"పెట్టకు. జేబుల వెట్టుకో" అన్నాడు నిర్వాహకుడు. నా వైపు తిరిగి, "అక్కా, ఏం జేసినవు దీన్ని? కొత్తదా?"

"పాతదే. దించానండి" అన్నాను. "పికప్‌ను తంతికి దూరంగా దించాను." ఆయనకు అర్థం కాలేదు. ఆ క్షణంలో అర్థం చెప్పాలని నాకూ అనిపించలేదు.

గాయకుడు మధ్యలో అడ్డుపడి అసలు సంగతి గుర్తుచేశాడు. "అన్న, స్టేజీ మీద ఐదుగురికే జాగ అన్నవు గద. మరి ఎవరిని దించుతవు?"

అందరం వేదిక వైపు చూశాం. నిర్వాహకుడు తన పాదాలతో అడుగులు వేసి కొలిచాడు. డ్రమ్స్‌కు ఇంత, కీబోర్డుకు ఇంత, గాయకులకు ఇంత. నా స్టీలు స్కేలు సంచీలోనే ఉంది. తీయలేదు. చాలాసేపు లెక్క చూసి, గిలకల పళ్ళాన్ని గాయకుడి చేతిలో పెట్టాడు.

"నేను దిగుత. మైకు కింద సుత పనిచేస్తది. నా మొఖం జూసెతందుకు ఎవ్వరొస్తున్నరు?"

శనివారం సాయంత్రం ఏడు గంటల పదిహేను నిమిషాలకు మొదటి పాట. మూడో పాటకు గుర్తింపు కార్డులు మెడలో ఊగుతుండగా కుర్రకారు కుర్చీలు వెనక్కి నెట్టారు. ఆరో పాటకు వాళ్ళ మేనేజర్లు సైతం లేచారు. హాలు నేల అదురు నా చెప్పుల్లోంచి మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ అదురులో సగం నాదని నాకు తెలుసు. వేదిక కింద, స్పీకరు పక్కన నిలబడి మా నిర్వాహకుడు పాటల పేర్లు చెబుతూ, మధ్యమధ్య ఒక చేతిని స్పీకరు పెట్టె మీద ఆనించి, దాని లోపల ఏముందో అప్పుడే తెలిసినవాడిలా పైకి నన్ను చూసి తల ఊపుతున్నాడు.